వందలో ఒకరా, ఐదుగురిలో ఒకరా? పిల్లలపై హింస, నిర్లక్ష్యం నిజంగా ఎంత ఎక్కువ?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కొత్తగా టీచర్‌గా చేరారు, ముప్పై మంది చిన్నపిల్లల తరగతి మీ చేతిలో ఉంది. శిక్షణలో ఒకరు "ఏడాదికి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది మంది" అన్నారు. ఒక వ్యాసంలో "ప్రతి ఐదుగురు ఆడపిల్లల్లో ఒకరు" అని చదివారు. మరోచోట "ఏటా వంద కోట్ల మంది పిల్లలు" అని కనిపించింది. ఇందులో ఏది నమ్మాలి, నా తరగతిలో హింసకో నిర్లక్ష్యానికో గురైన పిల్లలు ఎంతమంది ఉండొచ్చు అని అడిగారు.

సూటిగా చెప్తాను. మూడూ నమ్మదగ్గవే. మూడూ వేర్వేరు వాటిని లెక్కపెట్టాయి, అంతే. ఇక మీ తరగతి సంగతి: కొందరైనా ఉంటారనే అనుకుని పని మొదలుపెట్టండి. "మా దగ్గర అలాంటివి ఉండవు" అని చెప్పిన స్కూళ్ల నుంచి కూడా మా దగ్గరికి పిల్లలు వచ్చారు.

నేను పిల్లల డాక్టర్‌ని. ఆస్పత్రిలో బాలల సంరక్షణ టీమ్‌తో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. దెబ్బలతోనో, కాలిన గాయాలతోనో, ఎదుగుదల ఆగిపోయో వచ్చిన పిల్లల విషయంలో ఇది ప్రమాదమా, ఎవరైనా చేసిందా, ఎవరూ పట్టించుకోక జరిగిందా అని తేల్చడం మా పని.

అంకెల్లో పెద్ద తేడా ఎవర్ని అడిగారు అన్నదాని వల్ల వస్తుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా జరిగిన వందలాది అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. లైంగిక హింస గురించి డాక్టర్లు, టీచర్లు, సంరక్షణ అధికారులు ఇచ్చిన సమాచారాన్ని బట్టి లెక్కేస్తే వెయ్యి మందిలో 4 అని వచ్చింది. అదే విషయం నేరుగా మనుషుల్నే "చిన్నప్పుడు మీకు ఇలా జరిగిందా" అని అడిగితే వెయ్యికి 127 వచ్చింది. ముప్పై రెట్లకు పైగా తేడా! శారీరక హింసలో ఈ తేడా ఇంకా ఎక్కువ: అధికారుల లెక్కలో 0.3 శాతం, బాధితులు స్వయంగా చెప్పిన లెక్కలో 22.6 శాతం.

ఇంత తేడా ఎందుకంటే, ఒక సంఘటన ఫైల్‌లోకి ఎక్కాలంటే చాలా మెట్లు దాటాలి. బిడ్డ ఎవరికైనా చెప్పాలి, లేదా ఎవరైనా గమనించాలి. గమనించినవాళ్లు నోరు విప్పాలి. విన్న అధికారి దాన్ని విచారణకు తీసుకోవాలి. విచారణలో ఆధారం దొరకాలి. ప్రతి మెట్టు దగ్గరా కొందరు పిల్లలు రాలిపోతారు. లైంగిక హింస విషయంలో ఆధారం అనేది మరీ కష్టం. అమెరికాలో రెండు వేల మందికి పైగా పిల్లల వైద్య పరీక్షలను సమీక్షించిన ఒక అధ్యయనంలో, శరీరం మీద తేడా కనిపించింది దాదాపు 4 శాతం మందిలోనే. మిగతా అందరికీ పరీక్ష నార్మల్. "డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు కదా, అంటే ఏమీ జరగలేదన్నమాట" అని బంధువులు నాతో వాదించిన సందర్భాలు లెక్కలేనన్ని. పరీక్ష నార్మల్‌గా ఉండటం జరగలేదనడానికి రుజువు కాదని ప్రతిసారీ మొదటి నుంచి వివరించాల్సి వస్తుంది.

ఇంకో తేడా, ఎంత కాలానికి లెక్కపెట్టారన్నది. శిక్షణలో మీరు విన్న "వెయ్యికి ఎనిమిది" అమెరికా అధికారిక లెక్కలకు దగ్గరగా ఉంది. 2022లో అక్కడ విచారణలో రుజువైన బాధితులు సుమారు 5,59,000 మంది, అంటే వెయ్యి మంది పిల్లలకు 7.7. కానీ అది ఒక్క ఏడాది లెక్క. బాల్యం పద్దెనిమిదేళ్లు. అదే దేశంలో, అలాంటి అధికారిక రికార్డులతోనే, పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్లు నిండేవరకు లెక్కేస్తే ఎనిమిది మందిలో ఒకరికి రుజువైన కేసు ఉంటుందని 2014లో ఒక అధ్యయనం తేల్చింది. రుజువు కాకపోయినా కనీసం ఒకసారి విచారణ దాకా వెళ్లే పిల్లలు 37 శాతం అని 2017లో మరొకటి చెప్పింది. వెయ్యికి ఎనిమిది, ఎనిమిదిలో ఒకరు, ముగ్గురిలో ఒకరికి పైగా: దేశం ఒకటే, అధికారులూ ఒకటే. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఇక దేన్ని లెక్కలో వేసుకున్నారన్నది. వంద కోట్ల అంకె 2016లో వచ్చిన ఒక అంచనా, ప్రపంచ ఆరోగ్య సంస్థ తరచుగా చెప్పేది. రెండు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో గడిచిన ఏడాదిలో ఏదో ఒక రకం హింసకు గురైనవాళ్లు అందులో ఉన్నారు. ఇంట్లో జరిగింది మాత్రమే కాదు, తోటి పిల్లలు ఏడిపించడం, కొట్టడం కూడా అందులో భాగమే. సోషల్ మీడియాలో దాన్ని "వంద కోట్ల మందిని తల్లిదండ్రులు హింసిస్తున్నారు" అన్నట్టు తిప్పుతుంటారు. చూసినప్పుడల్లా చిరాకేస్తుంది. అసలు విషయమే అంత తీవ్రంగా ఉంటే దానికి మసాలా ఎందుకు? ఇలా పెంచి చెప్తే, వినేవాళ్లు చివరికి నిజమైన అంకెను కూడా నమ్మరు.

"ఐదుగురిలో ఒకరు" కూడా అంతే. 2024లో యూనిసెఫ్ ఇచ్చిన అంచనా ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు అత్యాచారానికో లైంగిక దాడికో గురైన ఆడవాళ్లు ఎనిమిది మందిలో ఒకరు. శరీరాన్ని తాకకుండా మాటలతో, ఆన్‌లైన్‌లో జరిగేవి కూడా కలిపితే ఐదుగురిలో ఒకరు. మగపిల్లల్లో ఇవే అంకెలు పదకొండు మందిలో ఒకరు, ఏడుగురిలో ఒకరు. మగపిల్లల అంకె చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. మా క్లినిక్‌లో మాకు మాత్రం ఆశ్చర్యం ఉండదు. మగపిల్లలు ఆలస్యంగా చెప్తారు, చాలామంది అసలు చెప్పరు.

ఇండియాలో 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పన్నెండు వేల మందికి పైగా పిల్లలను అడిగితే, దాదాపు 69 శాతం మంది శారీరక హింస, 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు చెప్పారు. ఆస్ట్రేలియాలో 2023లో వచ్చిన జాతీయ అధ్యయనం పదహారేళ్లు దాటిన 8,503 మందిని అడిగింది. శారీరక హింస 32 శాతం, లైంగిక హింస 28.5, మానసిక హింస దాదాపు 31, ఇంట్లో పెద్దల మధ్య హింసను చూస్తూ పెరగడం దాదాపు 40, నిర్లక్ష్యం దాదాపు 9. వీటిలో ఏదో ఒకటైనా అనుభవించినవాళ్లు 62 శాతం. ఈ రెండు దేశాలనూ పక్కపక్కన పెట్టి ఎవరు మెరుగు అని పోల్చకండి. అడిగిన ప్రశ్నలు వేరు, శాంపిల్ ఎంచుకున్న తీరు వేరు. రెంటి నుంచీ తీసుకోవాల్సింది ఒకటే: పేద దేశం, ధనిక దేశం అన్న తేడా లేకుండా నేరుగా అడిగితే అంకె ఎప్పుడూ రికార్డుల కన్నా చాలా పెద్దదే వస్తుంది.

నిర్లక్ష్యం గురించి మాత్రం కొంచెం ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో దాన్ని చివర్న ఒక్క మాటతో వదిలేశారు. అందరూ అలాగే వదిలేస్తారు.

ఆస్ట్రేలియా సర్వేలో నిర్లక్ష్యం అన్నిటికన్నా చిన్న అంకె. అమెరికా రికార్డుల్లో అదే అన్నిటికన్నా పెద్దది, రుజువైన బాధితుల్లో దాదాపు ముప్పావు వంతు మందికి నిర్లక్ష్యం కేసే. ఇంత తారుమారు ఎందుకు? కొట్టింది గుర్తుంటుంది. జరగాల్సినది జరగకపోవడం గుర్తుండటం కష్టం. నాలుగేళ్లప్పుడు జ్వరం వస్తే ఎవరూ మందు వేయలేదని ఎవరికి గుర్తుంటుంది? పోల్చుకోవడానికి ఇంకో ఇల్లు తెలియని బిడ్డకు తన ఇల్లే మామూలు ఇల్లు. అందుకే పెద్దయ్యాక అడిగే సర్వేలు నిర్లక్ష్యాన్ని తక్కువగా పట్టుకుంటాయి, రోజూ చూసే నర్సు, టీచర్, ఆరోగ్య కార్యకర్త ఎక్కువగా పట్టుకుంటారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పేదరికం చాలాసార్లు నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. షుగర్ జబ్బు ఉన్న ఒక అబ్బాయి ఇన్సులిన్ అందక పదే పదే ఎమర్జెన్సీకి వచ్చేవాడు. తల్లి ఒంటరిది, రాత్రి షిఫ్టు. ఫైల్ మీద "బిడ్డ చికిత్స విషయంలో తల్లి నిర్లక్ష్యం" అని రాసేస్తే సరిపోయేది. కూర్చోబెట్టి మాట్లాడితే తేలిందేంటంటే, ఇంజెక్షన్ వేయాల్సిన వేళకు ఆవిడ ఇంట్లో ఉండే వీలే లేదు. స్కూల్ నర్సు ఒక డోసు, పక్కింటావిడ ఇంకో డోసు చూసుకునేలా ఏర్పాటు చేశాక ఆ బాబు మళ్లీ అలా రాలేదు. దాదాపు అదే జబ్బుతో ఇంకో అమ్మాయి వచ్చేది, బాగా ఉన్న కుటుంబం. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది, ఇంట్లో మనుషులున్నారు. ఎవరి పనుల్లో వాళ్లుండి, పదకొండేళ్ల పిల్లకే అంతా వదిలేశారు. పిల్ల చిక్కిపోతుంటే డైటింగ్ చేస్తోందనుకున్నారు. నా దృష్టిలో రెండోదే నిర్లక్ష్యం. కానీ విచారణకు మొదట పేర్లు వెళ్లేది ఎప్పుడూ మొదటి రకం కుటుంబాలవే. రికార్డుల్లో పేద కుటుంబాలు ఎక్కువ కనిపించడానికి, ఇబ్బందులు వాళ్లకి నిజంగా ఎక్కువ ఉండటంతో పాటు, వాళ్ల మీద నలుగురి కళ్లు ఎక్కువ ఉండటం కూడా ఒక కారణం.

సర్వేలకు అసలు అందనివాళ్లు ఇంకో గుంపు: పసిపిల్లలు. అమెరికా రికార్డుల్లో బాధితుల రేటు అత్యధికంగా ఉండేది ఏడాది లోపు వయసులోనే. వాళ్లు చెప్పలేరు, పెద్దయ్యాక గుర్తుండదు. ఒకసారి మూడు నెలల పాపను జలుబని తీసుకొచ్చారు. చెవి మీద చిన్న కమిలిన మచ్చ ఉంది. గిలక్కాయతో తనే కొట్టుకుందన్నారు. బోర్లా పడటం కూడా రాని బిడ్డకు మామూలుగా ఎక్కడా కమలదు. ఆరు నెలల్లోపు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని వరసగా పరీక్షించిన ఒక అధ్యయనంలో కమిలిన గుర్తులు కనిపించింది వందలో ఒకరికి కూడా లేదు. ఆ పాపకు ఎక్స్‌రేలు తీస్తే పక్కటెముకల్లో అతుక్కుంటున్న పాత పగుళ్లు కనిపించాయి. నాలుగు నెలల్లోపు బిడ్డకు ఒంటి మీద ఎక్కడ కమిలినా, నాలుగేళ్లలోపు పిల్లలకు చెవి, మెడ, ఛాతీ, పొట్ట, వీపు లాంటి చోట్ల కమిలినా ఆగి ఆలోచించాలి. పరిగెత్తే వయసులో మోకాళ్లు, నుదురు గీరుకుపోవడం మామూలే, దానికి టెన్షన్ పడకండి.

వైకల్యం ఉన్న పిల్లలు కూడా మామూలు సర్వేల్లో తక్కువగా కనిపిస్తారు. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం వాళ్లు హింసకు గురయ్యే అవకాశం మిగతా పిల్లల కన్నా మూడున్నర రెట్లకు పైగా ఎక్కువ. మాట రాని బిడ్డ ఒక మనిషి గదిలోకి రాగానే బిగుసుకుపోతుంటే, అది చెప్పడమే.

ఎవరు చేస్తారని మీరు అడగలేదు, కానీ చెప్పాలి. కొట్టడం, నిర్లక్ష్యం చేయడం ఎక్కువగా ఇంటివాళ్లే. లైంగిక హింసలో పదింట దాదాపు తొమ్మిది కేసుల్లో బిడ్డకు తెలిసినవాళ్లే. అందులోనూ ఒక భాగం పెద్దవాళ్లు కాదు, టీనేజ్ పిల్లలు. అమెరికాలో పోలీసుల దాకా వెళ్లిన కేసుల్లో మూడో వంతుకు పైగా నిందితులు పద్దెనిమిదేళ్లలోపు వాళ్లే. "అపరిచితుల దగ్గరికి వెళ్లొద్దు" అన్న పాఠంతో సరిపెట్టే స్కూళ్లు దీన్ని గమనించాలి.

"ఇందులో అబద్ధాలు ఎన్ని?" నేనేం పని చేస్తానో తెలిశాక ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇది. కెనడాలో 1998 నాటి జాతీయ అధ్యయనంలో, విచారించిన కేసుల్లో కావాలని కల్పించినవని తేలినవి దాదాపు 4 శాతం. పిల్లల కస్టడీ గొడవలున్న కేసుల్లో అది 12 శాతం దాకా ఉంది. ఆ కల్పనలు కూడా చాలావరకు పెద్దవాళ్లవి, పిల్లలవి కావు. రుజువు కాలేదు అంటే అబద్ధమని కాదు. చాలా ఫిర్యాదులు సదుద్దేశంతో చేసినవే, ఆధారం మాత్రం చాలదు.

జ్ఞాపకం మీద కూడా ఒక హెచ్చరిక. చిన్నప్పటి రికార్డులనూ పెద్దయ్యాక చెప్పినవాటినీ పోల్చిన పరిశోధనలను కలిపి 2019లో ఒక విశ్లేషణ వచ్చింది. రికార్డుల్లో హింస నమోదైనవాళ్లలో సగం మంది పెద్దయ్యాక అడిగితే చెప్పలేదు. పెద్దయ్యాక చెప్పినవాళ్లలో సగానికి పైగా మందికి రికార్డు లేదు. ఈ రెండు పద్ధతులూ చాలావరకు వేర్వేరు మనుషుల్ని పట్టుకుంటున్నాయి. కాబట్టి రికార్డులు సర్వేలో చిన్న ముక్క మాత్రమే అనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. రెండిట్లోనూ లేనివాళ్లు ఇంకెందరో!

పెరుగుతోందా, తగ్గుతోందా? అంతటా ఒకేలా లేదు. అమెరికాలో 1990ల మొదట్నుంచి రుజువైన లైంగిక హింస కేసులు సగానికి పైగా తగ్గాయి, అది కేవలం ఫిర్యాదులు తగ్గడం వల్ల కాదని డేవిడ్ ఫింకెల్‌హోర్ లాంటి పరిశోధకులు వాదిస్తారు. నిర్లక్ష్యం మాత్రం ఆ స్థాయిలో తగ్గలేదు. 1979లో స్వీడన్ పిల్లల్ని కొట్టడాన్ని చట్టంతో నిషేధించింది, ఇప్పుడు అరవైకి పైగా దేశాలు ఆ దారిలో ఉన్నాయి. అయినా యూనిసెఫ్ లెక్కలో ఐదేళ్లలోపు పిల్లల్లో పదికి ఆరుగురు ఇంట్లో దెబ్బలో తిట్లో మామూలుగా తింటూనే ఉన్నారు. కోవిడ్‌లో స్కూళ్లు మూసినప్పుడు చాలాచోట్ల ఫిర్యాదులు బాగా పడిపోయాయి. హింస తగ్గి కాదు, చూసే టీచర్లు లేక. కాబట్టి ఫిర్యాదులు పెరిగాయన్న వార్త చూసి వెంటనే పరిస్థితి దిగజారిందనుకోకండి, గమనించేవాళ్లు పెరిగి ఉండొచ్చు.

ఇప్పుడు మీ ముప్పై మంది. అధికారిక వార్షిక రేటుతో చూస్తే నాలుగైదు తరగతులకు ఏడాదికి ఒక్క రుజువైన కేసు. మనుషుల్ని నేరుగా అడిగిన లైడెన్ అంకెలతో చూస్తే, బాల్యం మొత్తంలో ముప్పై మందిలో ఆరేడుగురికి శారీరక హింస, నలుగురికి లైంగిక హింస, పదిమందికి పైగా మానసిక హింస, ఐదుగురికి శారీరక అవసరాల నిర్లక్ష్యం. ఇవన్నీ కూడకండి. ఒకే బిడ్డకు రెండు మూడు రకాలు కలిసి జరగడమే ఎక్కువ. పైగా మీ పిల్లలకు ఇంకా బాల్యం చాలా మిగిలి ఉంది కాబట్టి ఈ రోజుకి అంకె ఇంతకన్నా తక్కువే ఉంటుంది. సగటు కూడా అన్ని తరగతులకూ సమానంగా పంచినట్టు ఉండదు.

అంకె చూసి ఎవరు ఆ ఆరుగురు అని తరగతిలో వెతకడం మొదలుపెట్టొద్దు. ఒక్క లక్షణంతో ఏదీ తేలదు. మార్పును గమనించండి: బాగా మాట్లాడే పిల్ల మౌనమైపోవడం, సెలవుల ముందు భయం, పదే పదే కడుపునొప్పి, సోమవారాలు ఆకలిగా రావడం, చికిత్స అందని పళ్లు, కళ్లద్దాలు పగిలి నెలలు గడిచినా కొత్తవి రాకపోవడం.

బిడ్డ ఏదైనా చెప్తే వినండి. "అంకుల్ కొట్టాడా?" లాంటి జవాబు అందించే ప్రశ్నలు వద్దు, "ఏం జరిగిందో చెప్తావా" చాలు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. విన్న వెంటనే బిడ్డ అన్న మాటల్నే, తేదీ, టైమ్ వేసి రాసి పెట్టండి. మీ భాషలోకి మార్చి రాయకండి. ఇంట్లోవాళ్లను మీరే నిలదీయకండి, ఆ రాత్రి దాని ఫలితం బిడ్డ మీద పడుతుంది. చాలా దేశాల్లో టీచర్‌కు అనుమానం కలిగితే చాలు, తెలియజేయడం చట్టప్రకారం తప్పనిసరి. రుజువు చేయాల్సిన పని మీది కాదు, దానికి మాలాంటి వాళ్లం ఉన్నాం. మీ స్కూల్లో ఈ బాధ్యత ఎవరిదో, వాళ్లు సెలవులో ఉన్న రోజు ఎవరికి చెప్పాలో ఈ వారంలోనే కనుక్కుని, ఆ ఫోన్ నంబర్లు రెండూ దగ్గర పెట్టుకోండి.